వెతికినందుకు కూలి

గత ఆదివారం కారు శుభ్రం చేస్తుండగా ముందు అరలో మూడు బిల్లులు దొరికాయి. మూడూ ఈ సంవత్సరం నాలుగు నెలల్లో నేను కట్టినవే. ఒకదానిలో స్పీడ్ సెన్సార్‌కు 2,350 రూపాయలు, రెండవదానిలో బ్యాటరీకి 4,600, మూడవదానిలో పాత మీటర్ బోర్డుకు బిగింపు కూలితో కలిపి 7,500 రాసి ఉన్నాయి. మొత్తం 14,450 రూపాయలు. నాలుగవ మరమ్మతుకు బిల్లు లేదు. స్పీడోమీటరు ముల్లు అప్పుడప్పుడు సున్నాకు పడిపోయే అసలు లోపాన్ని సరిచేసింది ఆ నాలుగవదే, దానికి పట్టిన సామాను జానెడు వైరు, కొంచెం సీసం, కాస్త టేపు.

ఈ లెక్క విన్న సహోద్యోగి ఒకాయన, "పాత కారంటే అంతే కదా సార్, ఇంకా ఎన్నాళ్ళు సాకుతారు?" అన్నారు. ఆయన సానుభూతితోనే అన్నారు గానీ ఆ మాటతో నేను ఏకీభవించలేకపోయాను. ఆ 14,450 రూపాయలు పోవడానికి కారు వయసు కొంత కారణమే కావచ్చు. కానీ అంతకన్నా పెద్ద కారణం మనం మెకానిక్కుకు డబ్బు ఇచ్చే పద్ధతి అని నాకు గట్టిగా అనిపిస్తోంది. సామాను పడితే డబ్బు ఇస్తాం, లోపాన్ని వెతికిన గంటలకు ఇవ్వం. వచ్చిపోయే లోపం విషయంలో ఈ పద్ధతి ఎంత నష్టం చేస్తుందో ఈ నాలుగు నెలల్లో తెలుసుకున్నాను.

ముల్లు పడిన రోజు

మాది 2011లో కొన్న చిన్న పెట్రోలు కారు. కర్నూలు నుంచి కోడుమూరుకు రోజూ వెళ్ళివస్తాను. జనవరిలో ఒకనాడు, ఒక ఊరి దగ్గర స్పీడ్ బ్రేకర్ దాటి రెండవ గేరులో వేగం పెంచుతుండగా స్పీడోమీటరు ముల్లు ఉన్నట్టుండి సున్నాకు పడిపోయి, రెండు మూడు సెకన్లకు మళ్ళీ లేచింది. పది రోజుల వరకు ఏమీ లేదు. తరువాత ఒక సాయంత్రం పడిన ముల్లు చాలాసేపు లేవలేదు. ఆ వెంటనే స్టీరింగు గుర్తు వెలిగి, స్టీరింగు బరువెక్కింది. మర్నాడు ఉదయం, ముల్లు ఒకసారి పడి లేచి మళ్ళీ చక్కగా పనిచేస్తూ ఉండగా, ఇంజిన్ గుర్తు పసుపుపచ్చగా వెలిగింది.

ముల్లు పడినప్పుడు వెలగని లైటు, ముల్లు బాగున్నప్పుడు వెలగడం నన్ను చాలా తికమక పెట్టింది. దాని కారణం ఇప్పుడు తెలుసు. ఇటువంటి చిన్న కార్లు చాలా వాటిలో గేరు బాక్సు మీద ఉండి వేగాన్ని కొలిచే సెన్సార్ పంపే సంకేతం ఒక్క మీటరుకే కాదు, ఇంజిన్ కంప్యూటరుకూ, స్టీరింగుకు బలం ఇచ్చే మోటారును నడిపే పెట్టెకూ అందుతుంది. వేగం తెలియకపోతే ఎంత బలం ఇవ్వాలో స్టీరింగు పెట్టెకు తెలియదు కనుక అది తొందరగా లైటు వేసేస్తుంది. ఇంజిన్ కంప్యూటరు అంత తొందరపడదు. చాలా కార్లలో అది ఒక ప్రయాణంలో లోపాన్ని గమనించి మనసులో పెట్టుకుని, మరుసటి ప్రయాణంలో కూడా కనిపిస్తేనే లైటు వెలిగిస్తుంది. అంటే ఒకే ఒక్క వైరులోని లోపం మూడు చోట్ల, మూడు వేర్వేరు సమయాల్లో, మూడు వేర్వేరు జబ్బుల్లాగా కనబడగలదు.

మా నాన్నగారి కాలపు కారులో ఇటువంటి అయోమయం ఉండేది కాదు. గేరు బాక్సు నుంచి మీటరు దాకా ఒక ఉక్కు కేబుల్ తిరుగుతూ వచ్చేది, దాని చివర ఒక అయస్కాంతం తిరిగేది, ఆ అయస్కాంతం చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నె దాని లాగుడుకు లోబడి సన్నని స్ప్రింగుకు ఎదురుగా ముల్లును తిప్పేది. ముల్లు వణికితే కేబుల్ ఎండిపోయిందనో వంగిందనో, పూర్తిగా పడిపోతే తెగిందనో పదేళ్ళ పిల్లవాడు కూడా చెప్పేవాడు.

మూడు షెడ్లు, మూడు తీర్పులు

మొదటి చోట స్టీరింగు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు స్కానర్ పెట్టారు. పి0500 అనే కోడ్ వచ్చింది. "స్పీడ్ సెన్సార్ పోయింది సార్" అన్నారు, కోడ్ చెరిపేశారు, సెన్సార్ మార్చారు. తొమ్మిది రోజులు కారు బ్రహ్మాండంగా నడిచింది. పదవ రోజు ముల్లు మళ్ళీ పడింది.

స్కానర్‌ను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ కోడ్ చెప్పేది వేగపు సంకేతం సరిగ్గా అందడం లేదని మాత్రమే. సెన్సార్ చెడినా, దాని వైరు తెగినా, వైర్లను కలిపే కప్లర్‌లో పిన్ను వదులైనా, గేరు బాక్సులో దాన్ని తిప్పే పళ్ళు అరిగినా వచ్చేది అదే కోడ్. దానికి తోడు, కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, ఎంత భారం మోస్తోంది అనే వివరాలను కూడా చాలా కార్ల కంప్యూటరు దాచి ఉంచుతుంది. కోడ్ చెరిపితే అవీ పోతాయి. ఉన్న ఒకే ఒక సాక్షిని మేము విచారించకుండానే పంపేశాము. చెరపడానికి ముందు ఆ తెరను ఫోనులో ఫోటో తీసుకుని ఉండవలసింది, నాకు అప్పుడు తోచలేదు.

రెండవ చోట వోల్టేజీ తక్కువైతే లైట్లన్నీ వెలుగుతాయని చెప్పి బ్యాటరీ మార్చారు. ఆ సూత్రం నిజమే. బ్యాటరీ నీరసించినప్పుడు, ముఖ్యంగా సెల్ఫ్ కొట్టే సమయంలో, సంబంధం లేని లైట్లు చాలా వెలుగుతాయి. నా లోపం మాత్రం దారిలో పోతుండగా వచ్చేది, అప్పుడు కరెంటు పుట్టించే డైనమో పనిచేస్తూనే ఉంటుంది. నా బ్యాటరీకి నాలుగేళ్ళు నిండాయి కనుక ఆ ఖర్చు గురించి నాకు బాధ లేదు, కానీ ముల్లుకు దానితో సంబంధం లేదు.

మూడవ చోట మీటర్ బోర్డు లోపల అతుకులు ఎండకు పగిలాయని అన్నారు. కర్నూలు ఎండ తెలిసినవారెవరూ ఆ మాటను కాదనలేరు, నేనూ నమ్మాను. కొత్తది దొరకక వేరే కారులో వాడిన పాతది తెచ్చి బిగించారు. దానిలో 61,000 కిలోమీటర్లు కనిపించింది, నా కారు అప్పటికి తిరిగింది 1,18,000. ఎవరినీ మోసం చేసే ఉద్దేశం నాకు లేకపోయినా, రేపు కారు కొనేవారికి అది అబద్ధమే చెబుతుంది కదా అనిపించి ఆ రాత్రే సర్వీసు పుస్తకంలో తేదీతో సహా రెండు అంకెలూ రాసి పెట్టాను. ఆ మీటరు వేగం కూడా సరిగ్గా చూపలేదు. డోన్ వైపు జాతీయ రహదారి మీద ముల్లును 80 దగ్గర నిలిపి, పక్క సీటులో కూర్చున్న మా అబ్బాయి చేత కిలోమీటరు రాళ్ళ మధ్య సమయం చూపించాను. 80 వేగానికి ఒక కిలోమీటరు 45 సెకన్లలో గడవాలి. నాలుగు సార్లు చూస్తే సుమారు 50 సెకన్లు పట్టింది, అంటే నిజ వేగం 72. మీటరు కొంచెం ఎక్కువ చూపడం మామూలే, ఇది ఆ కొంచెం కంటే ఎక్కువ. వేరే సైజు టైర్ల కోసం లెక్క కట్టిన బోర్డు అయి ఉండవచ్చు. ఇంతా చేశాక, ఐదవ రోజున ఆ ముల్లు కూడా పడిపోయింది.

మూడవ ఖర్చును తప్పించగలిగిన ఒక ఆనవాలు మొదటి నుంచీ నా కళ్ళ ముందే ఉంది, నేను చూడలేదు. ముల్లు పడిపోయినప్పుడు కిలోమీటర్ల అంకె కూడా ఆగిపోయేది. సంకేతం వస్తూ ముల్లును తిప్పే చిన్న మోటారు మాత్రమే చెడితే, ముల్లు పడినా అంకె కదులుతూనే ఉండాలి. రెండూ కలిసి ఆగుతున్నాయంటే మొదట అనుమానించవలసింది బోర్డును కాదు, దాని దాకా రాని సంకేతాన్ని.

ఎండ మీద వేసిన నింద

మూడవ ఓటమి తరువాత నేను ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ముల్లు పడినప్పుడల్లా బండి ఆపాక సమయం, గేరు, దారి, ఏసీ వేసి ఉందా లేదా, అంతకు ముందు గుంత గానీ స్పీడ్ బ్రేకర్ గానీ దాటానా అన్నవి రాశాను. మొదటి రెండు వారాలు చూసి ఇది ఎండ వల్లనే అని తేల్చేశాను. పడినవన్నీ దాదాపు మధ్యాహ్నం మూడు, ఐదు గంటల మధ్యనే ఉన్నాయి. అందరూ ఎండనే అంటున్నారు, నా పుస్తకమూ అదే అంటోంది.

తరువాత ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం డోన్ వెళ్ళాను. బయట 42 డిగ్రీలు, స్టీరింగు పట్టుకోలేనంత వేడి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ముల్లు ఒక్కసారి కూడా పడలేదు. అప్పుడు అర్థమైంది, నేను లోపం వచ్చినప్పుడు మాత్రమే రాస్తున్నాను, రానప్పుడు రాయడం లేదు. ఉదయం ఏడు గంటలకు ఖాళీ దారిలో పై గేరులో పోతాను, సాయంత్రం ఊళ్ళలోనూ సంత దగ్గరా ఆగుతూ, మొదటి రెండు గేర్లలోనే ఎక్కువసేపు నడుపుతాను. ఎండ ఆ సమయంలో ఉన్నందువల్ల నింద దాని మీద పడింది. ఆ రోజు నుంచి ప్రతి ప్రయాణాన్నీ, లోపం లేని ప్రయాణాన్ని కూడా, రాశాను. 31 రోజుల్లో ముల్లు 17 సార్లు పడింది. వాటిలో 14 సార్లు మొదటి లేదా రెండవ గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడే. రెండుసార్లు రివర్సులో. ఒక్కదానికి మాత్రం నాకు కారణం తోచలేదు.

గుంపులో కలిసిన ఎర్ర లైటు

ఈ మధ్యలో జరిగిన ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. ఉగాదికి ముందు కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాము. ఆత్మకూరు, దోర్నాల దాటి నల్లమల ఘాటులో మలుపులు తిరుగుతుండగా బ్రేకు గుర్తు ఎర్రగా వెలిగి ఆరింది, మళ్ళీ వెలిగి ఆరింది. నేను పట్టించుకోలేదు. రెండు నెలలుగా లైట్లు వెలగడం, ఆరడం చూసి చూసి, ఇది కూడా ఆ మీటరు పనే అనుకున్నాను. మా ఆవిడ మాత్రం, "ఆ ఎర్రది ఇంతకు ముందు వెలగలేదు కదండీ" అంది.

బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూస్తే బ్రేకు ఆయిల్ కనీస గీత కంటే కిందికి ఉంది. ఆ డబ్బాలో ఒక తేలుడు బిళ్ళ ఉంటుంది. ఆయిల్ అంచున ఉన్నప్పుడు మలుపులో అది ఒక పక్కకు ఒరగగానే లైటు వెలుగుతుంది, తిన్నగా పోతే ఆరుతుంది. నాలుగు చక్రాల దగ్గరా ఆయిల్ కారిన జాడ లేదు. పెడలు గట్టిగానే ఉంది. మిగిలిన దారి చిన్న గేరులో నెమ్మదిగా నడిపాను, దిగేటప్పుడు ఇంకా జాగ్రత్తగా. మర్నాడు కర్నూలులో చక్రాలు విప్పితే ముందు బ్రేకు ప్యాడ్లు దాదాపు ఇనుము దాకా అరిగి ఉన్నాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి జరిగి, ఆ ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. లైటు చెప్పింది అదే.

అందువల్ల నోటు పుస్తకంలో రాసుకుంటూ వేచి చూడడానికి కూడా హద్దు ఉందని ఒప్పుకోవాలి. ఆయిల్ ప్రెషర్, ఇంజిన్ వేడి, బ్రేకు, ఈ మూడు ఎర్ర గుర్తుల్లో ఏది క్షణం వెలిగినా అప్పటికప్పుడు ఆగి చూడవలసిందే. నాకు ఇప్పటికీ భయం కలిగించేది బ్రేకు ప్యాడ్లు అరిగిన సంగతి కాదు. సరిగా వెతకని ఒక లోపం రెండు నెలల పాటు అబద్ధపు లైట్లు చూపించి, నిజమైన లైటును నమ్మకుండా నన్ను తయారు చేసింది. వెనుక సీటులో పిల్లలు నిద్రపోతున్నారు.

మూడు గంటల వెతుకులాట

కర్నూలులోనే బళ్ళారి చౌరస్తా దాటాక రేకుల షెడ్డులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఉన్నారు. యాభై ఏళ్ళు ఉంటాయి. నా పుస్తకం చేతికిస్తే రెండుసార్లు చదివి, "చిన్న గేర్లోనే పడతాంది అంటే ఇంజిన్ ఊగినప్పుడు ఏదో లాగతాంది సార్" అన్నారు. అప్పటి దాకా ఎవరూ నన్ను గేరు గురించి అడగలేదు. ఇటువంటి చిన్న కార్లలో ఇంజిన్, గేరు బాక్సు అడ్డంగా, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటాయి. చిన్న గేరులో బలం పడినప్పుడూ, రివర్సులో వెళ్ళినప్పుడూ అవి ముందుకూ వెనక్కీ ఒరుగుతాయి. బాడీకి కట్టిన వైర్లు కదలవు, గేరు బాక్సుకు పోయే కొస కదులుతుంది. వంగేది ఆ రెండింటి నడుమ.

అంత ఊహ తోచినా ఆయన నేరుగా అక్కడికి పోలేదు. ముందు బ్యాటరీ చూశారు, ఇంజిన్ ఆపితే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14.2. తరువాత హెడ్‌లైట్లు, ఏసీ వేసి, బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ ఒంటికీ మధ్య, నెగటివ్‌కూ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చే దారి, చూశారు. రెండు చోట్లా వోల్టులో పదో వంతు కూడా రాలేదు, కనుక ఎర్త్ బాగుంది. డ్యాష్‌బోర్డు వెనుక, ఎప్పుడో మ్యూజిక్ సిస్టమ్ బిగించినవారు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసిన అతుకు ఒకటి వదులుగా కనిపించింది. "మన రోగం ఇది కాదు, గానీ ఇదీ ఒకరోజు ఏడిపిస్తాది" అని దానికి సీసం పెట్టారు. అప్పుడు సెన్సార్ కప్లర్ విప్పి, తాళం తిప్పి, వచ్చే కరెంటును మీటరులో చూస్తూ వైరు కట్టను అంగుళం అంగుళం వంచుతూ వచ్చారు. బ్యాటరీ పళ్ళెం కింద, క్లిప్పు దగ్గర, ఒక్క చోట వంచగానే 12 వోల్టులు సున్నా అయ్యాయి. వదిలితే మళ్ళీ 12.

టేపు విప్పితే పై తొడుగు చెక్కుచెదరలేదు. దాన్ని కోస్తే లోపల రాగి తీగలు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి, రెండు మూడు పోగులు మాత్రమే మిగిలాయి. కంటితో ఎంత చూసినా అది దొరికేది కాదు. మొదటి షెడ్డులో సెన్సార్ మార్చాక తొమ్మిది రోజులు ఎందుకు బాగుందో కూడా అప్పుడే తెలిసింది. కొత్త సెన్సార్ బిగించేటప్పుడు వైరును కదిపారు, ఆ పోగులు తాత్కాలికంగా కలుసుకున్నాయి. వచ్చిపోయే లోపంలో ఉన్న ప్రమాదం ఇదే. తప్పు మరమ్మతు కూడా కొన్నాళ్ళు నిజమైన మరమ్మతులాగే కనిపిస్తుంది, మెకానిక్కూ నిజాయితీగానే నమ్ముతాడు, మనమూ నమ్ముతాము.

కూలి సంగతి

మూడు గంటల తరువాత, నా కారు సొంత మీటర్ బోర్డును కూడా తిరిగి బిగించి, ఆయన అడిగింది 300 రూపాయలు. నేను ఎక్కువ ఇవ్వబోతే వెనక్కి తోశారు. "సామానేం పడలేదు కదా సార్, ఎట్ల తీసుకునేది?" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. తెలివి, ఓపిక, ముప్పై ఏళ్ళ అనుభవం పెట్టి లోపాన్ని పట్టుకున్నవారికి, సామాను పడలేదు కనుక డబ్బు అడిగే హక్కు లేదని తనకే అనిపిస్తోంది. అది మనం నేర్పినదే. సెన్సార్ పెట్టె చేతిలో పెట్టి 2,350 అంటే మారు మాట్లాడకుండా ఇచ్చాను. అదే మనిషి "రెండు గంటలు వెతుకుతాను, 800 అవుతుంది, దొరుకుతుందో లేదో చెప్పలేను" అని ఉంటే నేనే బండి తిప్పుకుని వెళ్ళిపోయేవాడిని. షెడ్డు అద్దె కట్టాలి, ఇద్దరు పిల్లలకు జీతం ఇవ్వాలి. రాని లోపం కోసం బండిని మూడు రోజులు నిలబెట్టుకుంటే ఆ చోటులో నాలుగు సర్వీసులు పోతాయి. సామాను అమ్మితేనే పూట గడిచేటట్లు చేసి, సామాను మార్చారని వారిని నిందించడం న్యాయం కాదు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. వెతికినందుకు కూలి ఇస్తే, వెతకకుండానే వెతికానని చెప్పేవారు రారా అని మా తమ్ముడు అడిగాడు. వస్తారు. అయితే వెతుకులాట జాడలు వదులుతుంది. ఏం చూశారు, ఎంత వోల్టేజీ వచ్చింది, దేన్ని కాదని తేల్చారు అని అడిగితే, వెతికినవారు అంకెలు చెప్పగలరు. సెన్సార్ మార్చిన చోట నేను అటువంటి ప్రశ్న ఒక్కటీ అడగలేదు, అడిగి ఉంటే పాత సెన్సార్‌ను పరీక్షించనేలేదని తెలిసేది.

నాకు ఇంకా తేలని సందేహం వేరొకటి ఉంది. రోజు సంపాదన మీద బతికే ఆటో అన్నకు గంట కూలీ, తరువాత సామానూ రెండూ భరించడం కష్టం. అతని బండికి చిన్న షెడ్లలో చేసేది వేరు. పక్క బండిలోని మంచి సెన్సార్ తీసి వేసి చూస్తారు, లోపం పోకపోతే తీసి ఎక్కడిది అక్కడ పెడతారు. అది తప్పు పద్ధతి అని నేను అనను. వేసి చూడడం పరీక్షే, కొని చూడడమే నష్టం. ఆ మొదటి షెడ్డులో పాత సెన్సార్ తిరిగి పెట్టి, డబ్బు వెనక్కి ఇచ్చే ఏర్పాటు ఉంటే నాకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు.

కారుకు 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఫిట్‌నెస్ పరీక్షకు పోవాలి. స్పీడోమీటరు పనిచేయాలన్నది మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నదే. ఆ పరీక్షకు ఈ కారును నిజమైన అంకెతో, నిజం చెప్పే లైట్లతో తీసుకుపోవాలని నా కోరిక. కారు సొంత బోర్డు ఇప్పుడు తన అంకెనే చూపుతోంది. మధ్యలో వేరే బోర్డు మీద తిరిగిన కిలోమీటర్లు సర్వీసు పుస్తకంలో ఉన్నాయి.

ముల్లు పడి ఇప్పటికి ఏడు వారాలు దాటింది. పుస్తకంలో కొత్త వరుస ఒకటి మొదలైంది. ఉదయం బండి స్టార్ట్ చేశాక బ్యాటరీ గుర్తు ఆరడానికి రెండు మూడు సెకన్లు తీసుకుంటోంది. ఇప్పటికి నాలుగుసార్లు, నాలుగూ రాత్రంతా నిలిచిన తరువాతే. డైనమో బెల్టు జారుతోందో, లోపల బ్రష్షులు అరిగాయో నాకు తెలియదు. శనివారం బళ్ళారి చౌరస్తా షెడ్డుకు తీసుకువస్తానని ఫోను చేసి, వెతికినందుకు గంటకు 400 ముందే ఒప్పుకున్నాను. ఆయన చాలాసేపు వద్దన్నారు. సామాను పడినా పడకపోయినా ఇస్తానని చెప్పాక, "సరే, రాత్రి బండి మా షెడ్లోనే పెట్టండి సార్, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు నేనే స్టార్ట్ చేసి చూస్తా" అన్నారు.